ఊకపెట్టె డైరీ: వంటగ్యాస్ ఖర్చు మీద ఆరు నెలల ప్రయత్నం

జనవరి 19

సంక్రాంతికి వచ్చిన ఆడపడుచు కుటుంబం నిన్న సాయంత్రమే బయలుదేరి వెళ్లింది. ఈ ఉదయం కాఫీకి పాలు పెట్టబోతే పొయ్యి వెలగలేదు. డిసెంబరు 30న పెట్టిన సిలిండర్ ఇరవై రోజులకే అయిపోయింది. పండుగ వంటలు ఉన్నాయి కనుక ఈసారికి సరిపెట్టుకోవచ్చు కాని, మామూలు నెలల్లో కూడా మాకు సిలిండర్ ముప్పై రోజులకు మించి రావడం లేదు. అత్తయ్య గారు, మావారు, నేను, ఇద్దరు పిల్లలు, దొడ్డిలో ఒక పాడి గేదె. ఇదీ మా ఇల్లు. కొబ్బరి దింపు డబ్బు రెండు నెలలకోసారి చేతికి వస్తుంది, నా జీతం నెలనెలా వస్తుంది, ఖర్చు మాత్రం రోజూ ఉంటుంది.

నేను రైస్ మిల్లులో లెక్కలు రాస్తాను. అక్కడ ఒక బస్తా తూకం తగ్గితే, అది ధాన్యంలో పోయిందా, తవుడులో పోయిందా, నూకలో పోయిందా అని తూచి తేల్చుకున్న తరువాతే ఎవరినైనా అడుగుతాం. ఇంట్లో గ్యాస్ త్వరగా అయిపోతోందని రెండేళ్లుగా అనుకుంటున్నామే తప్ప, ఆ 14.2 కిలోలు ఏ వంటకు ఎంత పోతున్నాయో ఒక్కసారైనా తూచి చూడలేదు. ఈ నోటుపుస్తకం అందుకోసం మొదలుపెడుతున్నాను.

జనవరి 22

మిల్లులో వాడకుండా పక్కన పెట్టిన 50 కిలోల చిన్న బల్ల కాటాను ఒక వారానికి అడిగి తెచ్చుకున్నాను. సిలిండర్‌ను నిటారుగా దాని మీదే నిలబెట్టి, గొట్టం ఎక్కడా బిగుసుకోకుండా వదులుగా ఉంచి, ఏ వంట చేసినా పొయ్యి వెలిగించే ముందు ఒకసారి, ఆర్పిన తరువాత ఒకసారి అంకె రాసుకుంటున్నాం. సిలిండర్ ఖాళీ బరువు దాని మీదే ముద్రించి ఉంటుంది, కాని మాకు ఆ బరువుతో పని లేదు; రెండు అంకెల తేడా చాలు. నేను మిల్లులో ఉన్న వేళ అత్తయ్య గారు అంకె చదివి గోడ మీద బొగ్గుతో రాసి పెడుతున్నారు.

జనవరి 29

వారం లెక్క తేలింది. రోజుకు సగటున 474 గ్రాములు. ఇందులో రెండు పూటల అన్నానికి 90, కూరలకూ పప్పుకూ పులుసులకూ కలిపి 110, పాలకూ కాఫీకీ 60, టిఫిన్‌కు 55 గ్రాములు పోతున్నాయి. చిల్లరగా నీళ్లు కాచుకోవడం వంటివి మరో 9 గ్రాములు. మిగిలిన 150 గ్రాములు గేదెకు ఉలవలు ఉడకబెట్టడానికి పోతున్నాయి. అంటే మేము కొనే ప్రతి మూడు సిలిండర్లలో దాదాపు ఒకటి గేదె కుడితి కిందే కాలిపోతోంది. ఈ సంగతి ఇంట్లో ఎవరమూ ఊహించలేదు. కాఫీలు తగ్గిద్దామని నేను, అప్పుడప్పుడు ఇడ్లీలు మానేద్దామని మావారు అనుకుంటూ వచ్చాం. ఆ రెండింటినీ పూర్తిగా మానేసినా ఉలవల ఖర్చుకు సమానం కాదు.

ఉలవలు గ్యాస్ మీదకు రావడానికి కారణం ఉంది. రెండేళ్ల కిందటి వరకు దొడ్డిలో కొబ్బరి డొక్కల పొయ్యి మీదే ఉడికేవి. పచ్చి డొక్కల పొగకు అత్తయ్య గారికి కళ్ల నుంచి నీళ్లు కారడం, రాత్రంతా దగ్గు రావడం చూడలేక మావారే ఆ పొయ్యిని తీసివేయించారు. మళ్లీ పొయ్యి వేస్తే ఈ 150 గ్రాములూ మిగులుతాయి, డొక్కలు మన తోటవే కదా అని ఈ రాత్రి అత్తయ్య గారే అన్నారు. నేను ఒప్పుకోలేదు. ఆవిడ ఊపిరితిత్తులకు ధర కట్టకుండా వదిలేస్తేనే ఆ లెక్కలో లాభం కనిపిస్తుంది.

జనవరి 31

ఉలవలను ఊరికే గమనించాను. రాత్రి నానబెట్టిన కిలో ఉలవలు, నీళ్లతో కలిపి అయిదు లీటర్ల గిన్నె నిండుగా ఉంటాయి. మరగడానికి పావుగంట పైన పట్టింది. ఆ తరువాత సన్న సెగ మీద గంటంబావు. ఈ గంటంబావులో గ్యాస్ చేసే పని ఏమిటని ఆలోచిస్తే, గిన్నె నుంచి గాలిలోకి పోయే వేడిని భర్తీ చేయడం, కొంత నీటిని ఆవిరి చేయడం తప్ప మరేమీ లేదు. మరుగుతున్న నీరు మామూలు గిన్నెలో 100 డిగ్రీల దగ్గరే ఉంటుంది. మంట పెంచితే ఆవిరి పెరుగుతుంది కాని వేడి పెరగదు. పైగా లీటరు నీటిని ఆవిరిగా మార్చడానికి పట్టే వేడి, అదే లీటరును 30 డిగ్రీల నుంచి మరిగే దాకా తేవడానికి పట్టే వేడికి ఏడు రెట్ల పైనే. కాబట్టి ఒకసారి మరిగిన గిన్నె నుంచి వేడి బయటికి పోకుండా కాపాడగలిగితే, ఆ గంటంబావు మంట అవసరమే ఉండదు.

వేడిని పట్టి ఉంచే పదార్థం కోసం నేను దూరం వెళ్లనక్కర లేదు. మిల్లాడిన ప్రతి నూరు కిలోల ధాన్యానికీ ఇరవై కిలోల దాకా ఊక వస్తుంది. ఊక పొరల మధ్య నిలిచిపోయే గాలి వేడిని త్వరగా దాటనివ్వదు. అందులో ఇసుకలో ఉండే సిలికా ఎక్కువగా ఉండడం వల్ల తొందరగా కుళ్లదు. అటక మీద మామగారి నాటి రేకు పెట్టె ఖాళీగా ఉంది.

ఫిబ్రవరి 4

మిల్లు నుంచి రెండు గోనెల ఊక తెచ్చాను. తవుడు కలిసిన ఊక పనికిరాదు. తవుడులో నూనె ఉంటుంది కనుక కొన్నాళ్లకు ముక్కవాసన వస్తుంది, పురుగు కూడా పడుతుంది. అందుకని ఆదివారం పొద్దంతా అత్తయ్య గారు చేటతో చెరిగి, నేను జల్లెడ పట్టి, శుభ్రమైన ఊకను రేకు పెట్టెలో అడుగున నాలుగు అంగుళాల మందాన పోశాం. దాని మీద గిన్నె పెట్టి చుట్టూ ఊక కూరి, పైన మూతకు బదులు గోనె కప్పి, ఆపైన పాత బొంత వేశాం.

అత్తయ్య గారు చాలాసేపు పెట్టెను చూసి, "ఇది పొగ లేని దాలి కాదుటే అమ్మాయ్?" అన్నారు. ఆవిడ చిన్నతనంలో పిడకల దాలిలో పాలకుండ పెడితే సాయంత్రానికి పాలు ఎర్రగా కాగి, పైన అరచేతి మందాన మీగడ కట్టేదట. పోలిక బాగుంది కాని తేడా కూడా ఉంది. దాలిలో నిప్పు ఉంటుంది, మెల్లగానైనా వేడి పుడుతూనే ఉంటుంది. ఈ పెట్టెలో ఏ వేడీ పుట్టదు. మనం ఇచ్చిన వేడిని దాచిపెట్టడం వరకే దాని పని.

ఫిబ్రవరి 6

మొదటి పరీక్ష తప్పింది. మీటరు పొడవు తీగ ఉన్న డిజిటల్ థర్మామీటర్‌ను 260 రూపాయలకు కొని, తీగ చివరను గిన్నెలో ఉంచి, మూత తీయకుండానే బయటి నుంచి చదివే ఏర్పాటు చేసుకున్నాం. మూత తీసి చూసిన ప్రతిసారీ వేడి పోతుంది కనుక ఇది తప్పనిసరి. గంటకు 82, రెండు గంటలకు 70, నాలుగు గంటలకు 54 డిగ్రీలు. ఉలవలు పలుకుగానే ఉండిపోయాయి. మళ్లీ పొయ్యి మీద పెట్టి ఉడికించాల్సి వచ్చింది, అంటే ఆ రోజు మామూలుకన్నా ఎక్కువే ఖర్చయింది.

కారణం వెతికితే, పోసిన ఊక రెండు రోజుల్లోనే సర్దుకుని కిందికి దిగిపోయింది. గిన్నె మెడ దగ్గర రెండు అంగుళాల ఖాళీ ఏర్పడింది. వేడి ఎక్కువగా పైకే పోతుంది, మేము కప్పినది మాత్రం పైభాగంలోనే అన్నింటికన్నా పలుచన. గిన్నె మూత అంచు నుంచి వచ్చిన ఆవిరికి ఊక తడిసి ముద్దయింది కూడా.

ఇంకొక తప్పు నా పుస్తకంలో దొరికింది. ఊక ఖర్చు ఎదురుగా సున్నా అని రాసుకున్నాను. ఆదివారం నాలుగు గంటలు ఊక చెరిగిన అత్తయ్య గారు ఆ దుమ్ముకు రెండు రోజులు తుమ్ముతూనే ఉన్నారు. డబ్బు ఇవ్వలేదు కనుక ఖర్చు లేదని రాయడం మిల్లులో అయితే నేను చేయను. హమాలీల కూలి వేరే గడిలో ఉంటుంది. ఈ రోజు నుంచి పుస్తకంలో "ఎవరు చేశారు, ఎంతసేపు" అని మరొక గడి గీశాను. గ్యాస్ గడిలో తగ్గినది ఈ గడిలో ఒకే మనిషి మీద పెరిగితే దానిని ఆదాగా లెక్క వేయకూడదని నిర్ణయించుకున్నాను.

ఫిబ్రవరి 11

విడి ఊక పద్ధతి మానేశాం. నాలుగు మీటర్ల మందపాటి కోరా గుడ్డ 320 రూపాయలకు, దారం 40 రూపాయలకు తెచ్చి, ఊకను దిళ్లుగా కుట్టించాను. కుట్టినది నేనే, రెండు సాయంత్రాలు. ఊక నింపినది మావారు, ముక్కుకు గుడ్డ కట్టుకుని దొడ్డి బయట. అడుగుకు ఒక దిండు, చుట్టూ నడుముకు కట్టినట్లు ఒక పొడవాటి దిండు, పైన మాత్రం అన్నింటికన్నా మందంగా ఆరు అంగుళాల దిండు. ప్రతి దిండునూ బొంతకు వేసినట్లు మధ్య మధ్య కుట్లు వేసి గదులుగా విడగొట్టాను. అప్పుడు ఊక ఒక మూలకు జారిపోదు. పైన పాత చీరల గలేబులు తొడిగాను, ఉతుక్కోవడానికి వీలుగా.

గిన్నె కూడా మార్చాను. మూత బిగువుగా కూర్చునే మందపాటి స్టీలు గిన్నె ఎంచుకుని, మూత మీద తువ్వాలు కట్టి పెట్టెలోకి దించాం. మొత్తం కొనుగోలు 620 రూపాయలు.

ఫిబ్రవరి 12

గంటకు 92, రెండు గంటలకు 87, నాలుగు గంటలకు 79 డిగ్రీలు. పది నిమిషాలు మరిగించి ఉదయం ఏడింటికి పెట్టిన ఉలవలు పదకొండింటికి వేళ్ల మధ్య నలిగిపోయాయి. గ్యాస్ 150 నుంచి 50 గ్రాములకు దిగింది. ఆ చారును ఒక గ్లాసు వేరే తీసి, చింతపండు వేసి అత్తయ్య గారు రాత్రికి ఉలవచారు కాచారు. నీరు ఆవిరై పోలేదు కనుక చారు ఎక్కువే మిగిలింది, కాకపోతే పలుచగా ఉంది.

ఫిబ్రవరి 15

అన్నం పనికిరాలేదు. పండుగ ముందు కోసిన సార్వా ధాన్యమే ఇప్పుడు ఆడించుకుని తింటున్నాం. కొత్త బియ్యం గంజి వారిస్తేనే అన్నం విడివిడిగా వస్తుంది. పెట్టెలో ఎసరు మొత్తం బియ్యమే పీల్చుకోవాలి కనుక ముద్దయిపోయింది. ఇది మిల్లులో పనిచేసే నాకు ముందే తెలిసి ఉండవలసింది. బియ్యం పాతబడే దాకా అన్నం మామూలుగా పొయ్యి మీదే.

ఫిబ్రవరి 21

జనవరి 19న పెట్టిన సిలిండర్ ఈ రోజు అయిపోయింది, 33 రోజులు. ఇందులో సగానికి పైగా రోజులు పాత పద్ధతివే. అసలు లెక్క ఈ రోజు పెట్టిన సిలిండర్‌తో తేలుతుంది.

ఏ వంట పెట్టెలో పెట్టాలి, ఏది పెట్టకూడదన్నది ఇప్పుడిప్పుడే తెలుస్తోంది. కందిపప్పుకు పెట్టెకన్నా ప్రెషర్ కుక్కరే మేలు. కుక్కర్ లోపల వేడి 120 డిగ్రీల దాకా చేరుతుంది, పప్పు పది నిమిషాల్లో ఉడుకుతుంది, గ్యాస్ తేడా లెక్కలోకి వచ్చేటంత లేదు. కాకపోతే ఒక ఈల రాగానే మంట ఆపి, కుక్కర్‌నే పెట్టెలోకి దించితే మిగతా మూడు ఈలల గ్యాస్ మిగులుతోంది. పెట్టె నిజంగా ఉపయోగపడేది ఎక్కువసేపు ఉడకవలసినవాటికి: శనగలు, బొబ్బర్లు, దుంపల పులుసు, పనసగింజలు, సగ్గుబియ్యం పాయసం. వేపుళ్లకు, రొట్టెలకు అసలు సంబంధమే లేదు. రాజ్మా గింజలను మాత్రం పూర్తిగా పది నిమిషాలు పొయ్యి మీద బాగా మరిగించిన తరువాతే పెట్టాలి. వాటిలో ఉండే విషపదార్థం తక్కువ వేడికి పోదు, కడుపు చెడుతుంది.

గిన్నె నిండుగా ఉండాలన్నది కూడా రాసుకున్నాను. సగం గిన్నె శనగలు రెండు గంటలకే 74 డిగ్రీలకు పడిపోయాయి. లోపల దాచుకున్న వేడి సగమే, పోయే దారి మాత్రం దాదాపు అంతే. అందుకని శనగలు ఒక పూటకు కాకుండా రెండు పూటలకు కలిపి పెడుతున్నాను.

మార్చి 6

స్నానాల నీళ్లు రాత్రి కాచి పెట్టెలో పెడితే తెల్లవారికి వేడిగా ఉంటాయి కదా అని పెద్దవాడు అడిగాడు. ఉంటాయి, కాని ఆదా లేదు. చల్లనీళ్లను ఆ వేడికి తేవడానికి పట్టే గ్యాస్ రాత్రి కాచినా ఉదయం కాచినా ఒకటే, పైగా రాత్రంతా కొంత పోతుంది. పెట్టె మిగిల్చేది కాగిన తరువాతి మంటను మాత్రమే. వాడు ఊరుకోలేదు. నలుపు రంగు వేసిన పాత నూనె డబ్బాలో నీళ్లు పోసి మధ్యాహ్నమంతా డాబా మీద ఎండలో ఉంచి, సాయంత్రం దాన్ని పెట్టెలో పెట్టాడు. ఉదయం అయిదింటికి 38 డిగ్రీలు. అత్తయ్య గారి స్నానానికి సరిపోయాయి. ఈ ఆలోచన పూర్తిగా వాడిదే, గడిలో వాడి పేరే రాశాను.

మార్చి 13

ఈ రోజు ఒక గిన్నెడు బొబ్బర్ల కూర పారబోయవలసి వచ్చింది. ఉదయం ఎనిమిదింటికి పెట్టి, మిల్లులో నెలాఖరు లెక్కల తేడా సరిచూసి రాత్రి తొమ్మిదింటికి తీశాను. థర్మామీటర్ 46 చూపించింది, కూర పులిసిన వాసన వేసింది. ఇంట్లో ఉన్నవాళ్లకు తీసి పెట్టమని చెప్పకపోవడం నా తప్పు. 60 డిగ్రీల కిందికి దిగిన వంట గోరువెచ్చగా గంటల తరబడి ఉంటే అందులో సూక్ష్మజీవులు పెరగడానికి అంతకన్నా అనువైన చోటు ఉండదు. ఆ కూరకు పోసిన బొబ్బర్లు, నూనె, ఉల్లిపాయలు కలిపితే వారం రోజుల గ్యాస్ ఆదా పోయినట్లే.

అప్పటికప్పుడు పెట్టె మూత మీద సుద్దతో రెండు మాటలు రాయించాను. పెట్టిన గంట రాయాలి. నాలుగు గంటలకు ఎవరు ఇంట్లో ఉంటే వారు తీసి, మళ్లీ ఒక పొంగు రానిచ్చి తినాలి లేదా చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టాలి. గేదె ఉలవలకు కూడా ఇదే నియమం.

ఏప్రిల్ 3

ఫిబ్రవరి 21న పెట్టిన సిలిండర్ ఈ రోజు అయిపోయింది. 41 రోజులు.

రోజుకు 474 నుంచి 346 గ్రాములకు వచ్చాం. నెలకు 3.8 కిలోలు మిగిలినట్లు. మాకు సిలిండర్ ఇంటికి చేరేసరికి దగ్గర దగ్గర 900 రూపాయలు పడుతోంది కనుక, కిలో 63 రూపాయల చొప్పున నెలకు 240 రూపాయలు. పెట్టుబడి 620 ఈ నెలాఖరుకు తీరిపోతుంది. పెద్ద మొత్తం కాదని తెలుసు. కాని ఇది ఎవరి నోటి దగ్గరిదీ తగ్గించకుండా వచ్చింది. ఆ మాటే నాకు ముఖ్యం.

రెండో గడి కూడా చూసుకున్నాను. ఆవిరికి చెమ్మగిల్లే పై దిండును రోజూ డాబా మీద ఎండలో వేసి తీయాలి, పది నిమిషాల పని. మొదటి నెల మొత్తం ఆ గడిలో నా పేరే ఉంది. మార్చి నుంచి దిళ్లు ఎండబెట్టే పని మావారు, తీసే పని పిల్లలు చేస్తున్నారు. నేను ఉదయం ఉలవలు పెట్టడానికి పావుగంట ముందు లేవవలసి రావడం మాత్రం మారలేదు, కాని పొయ్యి దగ్గర గంటంబావు కాపలా తప్పింది.

ఏప్రిల్ 22

అయిదు రోజులుగా ఉలవలు ఉడకడం లేదు. పెట్టెలో వేడి ఎప్పటిలాగే ఉంది, థర్మామీటర్ నాలుగు గంటలకు 80 చూపిస్తోంది. అయినా గింజ గట్టిగానే ఉంటోంది. మొదట దిళ్లను అనుమానించాను, విప్పి ఊక ఎండబెట్టాను. తరువాత ఉలవలు పాతవేమోనని కొత్త బస్తా విప్పాను. పొయ్యి మీద మళ్లీ ఉడికించడం వల్ల రోజు ఖర్చు 430 గ్రాముల దాకా ఎగబాకింది.

ఈ సాయంత్రం అత్తయ్య గారికి చెబితే, ఆవిడ బిందె వైపు చూసి, "కాలవలు కట్టేశారు కదమ్మా, బోరు నీళ్లతో ఉలవలు ఉడుకుతాయా?" అన్నారు.

నిజమే. మాది గన్నవరం అక్విడక్టు (నది మీదుగా కాలువను దాటించే వంతెన) మీదుగా గోదావరి వైనతేయ పాయను దాటి కాలువ వచ్చే లంక ప్రాంతం. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర కాలువలకు నీరు ఆపిన కొద్ది రోజులకు మా శివారు కాలువ అడుగు కనిపిస్తుంది, అప్పటి నుంచి దొడ్డి పనులన్నింటికీ బోరు నీళ్లే. సముద్రం దగ్గర కావడం వల్ల వేసవిలో ఆ నీళ్లు ఉప్పు తేలతాయి, సబ్బు నురగ రాదు. ఆ కఠినజలంలోని కాల్షియం, మెగ్నీషియం గింజ పొరలోని పెక్టిన్‌ను పట్టుకుని దానిని మెత్తబడనివ్వవు. పొయ్యి మీద గంటల కొద్దీ మరిగిస్తే ఎలాగో మెత్తబడేది కనుక ఇన్నేళ్లూ వేసవిలో గ్యాస్ ఎక్కువ పోతున్న సంగతి మేము పట్టించుకోలేదు. తక్కువ వేడితో పనిచేసే పెట్టె ఆ తేడాను బయటపెట్టింది.

వంట సోడా చిటికెడు వేస్తే మెత్తబడుతుందని మిల్లులో తోటి ఉద్యోగిని చెప్పింది. మెత్తబడుతుంది కాని, సోడాకు గింజలోని బి-1 విటమిన్ దెబ్బతింటుంది. మనుషులు తినే శనగలకైనా, పాలిచ్చే గేదెకు పెట్టే ఉలవలకైనా అది వేయదలచుకోలేదు.

ఏప్రిల్ 25

కాలువలు కట్టేసే ముందు నింపి ఉంచిన ఊరి మంచినీళ్ల చెరువు నుంచి కొళాయికి వచ్చే నీటినే ఇక నుంచి గింజలకు వాడుతున్నాం. నానబెట్టడానికీ ఉడకబెట్టడానికీ కలిపి రోజుకు నాలుగు లీటర్లు చాలు. నానబెట్టే నీరే ముఖ్యమని రెండు గిన్నెలతో పక్కపక్కనే పెట్టి చూశాక తెలిసింది: బోరు నీళ్లలో నానినవి తరువాత మంచినీళ్లలో ఉడికించినా పూర్తిగా మెత్తబడలేదు. చెరువు నీళ్లలో నాని, చెరువు నీళ్లలోనే ఉడికినవి అయిదు గంటలకు సరిగ్గా వచ్చాయి.

వేసవిలో ఆ నీరు కూడా విలువైనదే. అందుకే నానబెట్టిన నీటిని పారబోయకుండా కుడితిలోనే కలుపుతున్నాం, గింజలు కడిగిన నీళ్లు అరటి మొదళ్లకు పోస్తున్నాం. కాలువలు కట్టే ముందు రోజుల్లో తమ ఇంట్లో పెద్ద గోళేల నిండా కాలువ నీళ్లు పట్టి, ఇండుపగింజ అరగదీసి తేర్చుకుని, పప్పుకూ అన్నానికీ మాత్రమే వాడేవారని అత్తయ్య గారు చెప్పారు. ఆ నీటికి పప్పు త్వరగా ఉడుకుతుందని వాళ్లకు అప్పుడే తెలుసు. ఆవిడను నేను మొదటి రోజే అడిగి ఉంటే అయిదు రోజుల గ్యాస్, ఒక బస్తా మీద అనుమానం రెండూ మిగిలేవి.

మే 11

సిలిండర్ అయిపోయింది, 38 రోజులు. మూడు రోజుల తరుగు ఏప్రిల్ నీళ్లదే.

మే 28

పై దిండు ఒక మూల బూజు వాసన వేస్తోంది. విప్పితే పిడికెడు ఊక నల్లబడింది. గత వారం ముసురు పట్టి నాలుగు రోజులు ఎండ లేకపోవడమే కారణం. నల్లబడినది ఎరువు గుంటలో వేసి, మిగిలినదాన్ని రేకుల మీద ఆరబోసి, కొత్త ఊక కలిపి మళ్లీ కుట్టాను. వర్షాకాలంలో ఇది మామూలు అవుతుంది కనుక, ఒకదాని తరువాత ఒకటి వాడుకోవడానికి రెండో పై దిండు కూడా తయారు చేశాను. మూత చుట్టూ కట్టే తువ్వాలును రెండు మడతలు చేస్తే ఆవిరి ముందు అక్కడే ఆగుతోంది, అది ఉతికి ఆరేసుకోవడం దిండు ఎండబెట్టడంకన్నా తేలిక.

జూన్ 14

నిన్న రాత్రి మా శివారుకు కాలువ నీరు వచ్చింది. ఈ ఉదయం ఆ నీళ్లే తేర్చి ఉలవలు నానబెట్టాం.

జూన్ 16

నాలుగు గంటలకు మెత్తబడ్డాయి. పుస్తకంలో ఫిబ్రవరి 12 నాటి అంకెకే తిరిగి వచ్చాం.

జూన్ 21

సిలిండర్ 41 రోజులు వచ్చింది.

అన్నం మళ్లీ ప్రయత్నించాను. డిసెంబరు ధాన్యానికి ఆరు నెలలు నిండాయి. గ్లాసు బియ్యానికి రెండు గ్లాసుల ఎసరు పోసి, అరగంట నానిన తరువాత అయిదు నిమిషాలు మరిగించి, నలభై నిమిషాలు పెట్టెలో ఉంచితే మెతుకు మెతుకు విడిగా వచ్చింది. కాటా మళ్లీ రెండు రోజులకు అడిగి తెచ్చాను. రెండు పూటలకూ కలిపి 90 గ్రాములకు బదులు 60.

అత్తయ్య గారు ఒక ముద్ద తిని, "రుచి బాగుంది కాని గంజి లేదే" అన్నారు. ఆవిడ నేత చీరలకు గంజి పెట్టుకుంటారు, గేదె కుడితిలో గంజి పోస్తారు, ఎండాకాలం ఉప్పు వేసుకుని తాగుతారు. నేను 30 గ్రాముల గ్యాస్‌ను రాసుకుంటూ ఈ గంజిని ఏ గడిలోనూ రాయలేదు. అందుకని పగటి అన్నం ఆవిడ పద్ధతిలో గంజి వార్చి, రాత్రి అన్నం పెట్టెలో వండాలని ఒప్పందానికి వచ్చాం. రోజుకు మిగిలేది 15 గ్రాములు.

జూన్ 29

రాజోలు నుంచి ఆడపడుచు ఫోన్ చేసి తనకూ ఒక పెట్టె కావాలని అడిగింది. వాళ్లింట్లో గేదె లేదు, ముగ్గురే మనుషులు. మా పెట్టె కొలతలు ఇస్తే సగం గిన్నెతో వేడి నిలవదు. మూడు లీటర్ల గిన్నె చుట్టుకొలత పంపమన్నాను. ఊక మిల్లు నుంచి నేను తెస్తాను, చెరగడం మావారూ పెద్దవాడూ దొడ్డి బయట చేస్తారు. కోరా గుడ్డ రెండున్నర మీటర్లు సరిపోతుంది.